టెబట్ గారి ఎనామెల్ జగ్గు

ఇరవై మూడేళ్ళుగా నాకొక సందేహం ఉండేది. ఆ రోజు టెబట్ గారు నాకు సరేనన్నారా, అనలేదా?

చిన్న సందేహమే. కానీ రోజూ పొద్దున్నే స్నానం చేసి, ఆయన పొలంలోంచి నడిచి వెళ్ళి, ఆయన ఇచ్చిన జగ్గుతోనే నీళ్ళు ముంచుకొచ్చి శివుడికి అభిషేకం చేసేవాణ్ణి నేను. అడక్కుండా తెచ్చుకుంటే అవి దొంగ నీళ్ళు. అడిగాక అవతలి మనిషి సరేననకపోయినా తెచ్చుకుంటే ఇంకా తప్పు. అందుకే లింగం ముందు కూర్చున్న ప్రతి పూటా, నమకం మధ్యలో ఎక్కడో ఒకచోట, ఆ ప్రశ్న వచ్చి నన్ను పలకరించి పోయేది.

మేముండే ఊరి పేరు ఆష్‌మీర్. ఇంగ్లండులో, నార్తాంప్టన్ నుంచి బస్సులో నలభై నిమిషాలు. నూట పది గడపలు, ఒక చర్చి, ఒక పబ్బు, రేకుల కప్పు విలేజ్ హాలు. స్కూలు ఎప్పుడో మూతపడితే దాన్ని ఎవరో కొనుక్కుని ఇల్లు చేసుకున్నారు. పోస్టాఫీసు వారానికి రెండు పూటలు హాల్లో ఒక బల్ల మీద నడుస్తుంది. ఊరి చివర వృద్ధుల నర్సింగ్ హోమ్ ఒకటుంది. మా ఆవిడ రాజ్యానికి అందులో నర్సు ఉద్యోగం రావడంతో 2002 అక్టోబరులో వేటపాలెం నుంచి ఇక్కడికొచ్చాం. నేను పదో తరగతితో ఆపేసినవాణ్ణి. నార్తాంప్టన్‌లో బూట్ల ఫ్యాక్టరీలో తోలు కోసే పని దొరికింది. ఇప్పటికీ అదే పని.

ప్రయాణానికి ముందు రోజు మా నాన్న తన పూజలో ఉన్న చిన్న బాణలింగాన్ని పంచె ముక్కలో చుట్టి నా చేతిలో పెట్టాడు. "రోజూ నీళ్ళు పొయ్యి. భూమిలోంచి వచ్చిన నీళ్ళు, ఆ పూట ముంచినవి. అంతకుమించి ఆయనేమీ అడగడు" అన్నాడు.

రెండు వారాలు కుళాయి నీళ్ళే పోశాను. మనసు ఒప్పలేదు. అప్పుడొకసారి విలేజ్ హాల్లో టీ తాగుతుంటే గోడ మీద ఊరి పటం కనబడింది. స్కూలు ఉన్న రోజుల్లో పిల్లలు రంగులతో గీసింది. అందులో చర్చి వెనక పొలం దాటాక, నీలం రంగుతో ఒక చుక్క. పక్కన 'మాడ్స్ వెల్' అని రాసుంది. పేరుకి బావి గాని, అది గట్టు కింద రాళ్ళలోంచి ఊరే ఊట. వెనకటికెప్పుడో ప్లేగు మహమ్మారి వచ్చిన ఏడాది ఊళ్ళోకి ఎవరూ అడుగు పెట్టకపోతే, మాడ్ అనే ఒకావిడ ఆ నీళ్ళే మోసి గడప గడపకీ పెట్టిందట. ఆ తర్వాత కాలంలో ఈ ఊళ్ళో ఇంటింటా చెప్పులు కుట్టేవారు. నార్తాంప్టన్ షావుకార్లు తోలు పంపితే, ఆ ఊట నీళ్ళలోనే నానబెట్టి మెత్తబరిచేవారట. మే నెల మొదటి ఆదివారం ఊరంతా వెళ్ళి ఊటను శుభ్రం చేసి, రాళ్ళ మీద పూలు పెట్టడం ఆచారం. పశువులకు గాలికుంటు జబ్బు వచ్చి దార్లన్నీ మూసేసిన ఏడాది ఆ ఆచారం ఆగిపోయింది. మళ్ళీ ఎవరూ మొదలుపెట్టలేదు.

ఇదంతా ఇంటికొచ్చి చెబితే రాజ్యం నవ్వింది. "తోలు నానబెట్టిన నీళ్ళండీ అవి. పనికొస్తాయా మీ శివుడికి?"

"నానబెట్టి వందేళ్ళయింది. పైగా పారే నీళ్ళు."

"రోజంతా తోలు కోసొచ్చిన చేతుల్తో పోసేవారికి ఆ పట్టింపెందుకులెండి" అంది. ఆ మాట నిజమే. శివుడే ఏనుగు తోలు కప్పుకుని కూర్చున్నాడు, మనదేముంది అనుకున్నాను.

ఇక్కడ ఊరివాళ్ళెవరైనా అయితే మర్నాడే చెంబు పట్టుకుని వెళ్ళిపోయేవారు. నేను మాత్రం పొలం ఎవరిదో కనుక్కుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఆదివారం పదింటికి వాళ్ళ తలుపు కొట్టాను. మన దగ్గర ఇంకొకరి పొలంలో బోరు దగ్గర చేతులు కడుక్కోవాలన్నా ఒక మాట అడుగుతాం కదా.

తలుపు తీసినాయన విల్ఫ్రెడ్ టెబట్. అప్పటికి ఆయనకు డెబ్బై. పొడుగు మనిషి, గడ్డం మీద సబ్బు నురగ. నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పుకున్నాను. రోజూ పొద్దున మీ పొలంలోంచి నడిచి ఊటకి వెళ్తాను, దేవుడికి ఒక చెంబుడు నీళ్ళు తెచ్చుకుంటాను, మీరు సరేనంటేనే అన్నాను.

ఆయన నన్ను పైనుంచి కిందకి చూశాడు. "నన్నడుగుతావేంటి?"

"పొలం మీది కదండీ."

"పొలం నాదే. దారి నాది కాదు, ఊట నాది కాదు. సరేననడానికి నేనెవర్ని? మా నాన్న కూడా ఎవరికీ సరేనన్న పాపాన పోలేదు." తర్వాత నా చేతిలోది చూశాడు. ఖాళీ ప్లాస్టిక్ పాల డబ్బా. అదంత నచ్చినట్టు లేదు. లోపలికి వెళ్ళి తెల్లటి ఎనామెల్ జగ్గు తెచ్చాడు. నీలం అంచు, అంచు మీద ఒకచోట పెచ్చు లేచిపోయి నల్లగా ఉంది. "దేవుడి దగ్గరికి అదేం పట్టుకెళ్తావు. ఇది తీసుకో. మా అమ్మది. నీ పని అయ్యాక తెచ్చియ్యి" అని తలుపేసుకున్నాడు.

ఇంటికొచ్చాక రాజ్యం "ఏమన్నాడు?" అని అడిగితే ఏం చెప్పాలో తెలియలేదు. మన దగ్గర పెద్దమనిషి 'నన్నడుగుతావేంటి' అన్నాడంటే, దానికి రెండర్థాలు. ఒకటి, నీ ఇష్టం కానివ్వమని. రెండోది, విసుగు. ఏదనుకోవాలి? చివరికి నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. జగ్గు ఇచ్చాడు కాబట్టి సరేనన్నట్టే. జగ్గే అనుమతి.

అలా మొదలైంది. పొద్దున ఐదున్నరకి వెళ్ళడం, ఊట మూతిలో పడ్డ ఆకులు తీసేయడం, ముంచుకుని రావడం. నీళ్ళు తెచ్చేటప్పుడు నేను మాట్లాడనని కొన్నాళ్ళకి ఊరందరికీ తెలిసిపోయింది. కుక్కల్ని తిప్పేవాళ్ళు నేను వెళ్ళేటప్పుడు గుడ్ మార్నింగ్ చెప్పేవారు, వచ్చేటప్పుడు తల మాత్రం ఊపేవారు. టెబట్ గారు ట్రాక్టర్ మీద ఉంటే రెండు వేళ్ళు టోపీకి తాకించేవాడు. అంతే. జగ్గు గురించి ఆయనెప్పుడూ అడగలేదు. నా పనేమో అవదు కదా, అందుకని నేనూ ఇవ్వలేదు. రాజ్యం ఒకసారి లండన్‌లో మనవాళ్ళ దుకాణాలుండే ఈస్ట్ హామ్ వెళ్ళినప్పుడు రాగి చెంబు కొని తెచ్చింది. "ఇంక ఆ అరువు జగ్గు ఇచ్చేయండి" అంది. చెంబు అలమరలో పెట్టాను. జగ్గు ఇచ్చేస్తే ఆయన సరేనన్నదానికి నా దగ్గర ఇంకేం గుర్తు ఉంటుంది?

నాలుగేళ్ళ క్రితం టెబట్ గారికి పక్షవాతం వచ్చింది. పిల్లల్లేరు. రాజ్యం పనిచేసే నర్సింగ్ హోమ్‌లోనే చేర్చారు. పొలాన్ని ఒక కంపెనీ కొంది, ఇళ్ళు కట్టడానికి. నిరుడు కాక అంతకు ముందు ఏడాది, ఉగాదికి నాలుగు రోజుల ముందు, చర్చి వెనక దారికి అడ్డంగా కంచె లేచింది. ఎత్తైన ఇనుప వల, దాని మీద 'ప్రైవేట్' అని ఎర్ర బోర్డు. ఆ పొద్దున ఖాళీ జగ్గుతో కంచె ముందు కాసేపు నిలబడి వెనక్కి వచ్చేశాను. కంచె దూకి దేవుడికి నీళ్ళు తేలేను కదా.

ఆ రోజు నుంచి శివుడికి కుళాయి నీళ్ళే. ఆయన ఏమీ అనడు. నాకే, పోస్తుంటే చెయ్యి బరువుగా ఉండేది.

ఊళ్ళో మీటింగ్ పెట్టారు. పెట్టింది హిలరీ గారు. రిటైరైన టీచరు, ఇప్పుడు పారిష్ కౌన్సిల్‌కి, అంటే ఊరి పంచాయతీకి, పెద్ద. హార్వెస్ట్ సప్పర్ అనే పంటల పండగ విందుకి నేను పులిహోర తీసుకెళ్తే గిన్నె అడుగు గీకేదాకా వదలని మనిషి. ఆవిడ బోర్డు మీద సుద్దతో రాసి మరీ చెప్పింది. జిల్లా కౌన్సిల్ వాళ్ళ మ్యాపులో ఈ దారి లేదట. వెనకటికి మ్యాపు గీసినప్పుడు అందరికీ తెలిసిన దారే కదా అని రాయించడం మానేశారట.

"కానీ చట్టంలో ఒక మార్గం ఉంది" అంది. "ఇరవై ఏళ్ళపాటు జనం బాహాటంగా, గొడవ లేకుండా, ఎవరి అనుమతీ తీసుకోకుండా నడిచారని తేలితే అది ఊరి దారి. దాన్నెవరూ మూయలేరు. అనుమతి తీసుకుని నడిస్తే మాత్రం అది యజమాని దయ. దయని ఎప్పుడైనా ఆపేసుకోవచ్చు."

నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళి అడిగిన ఆదివారం గుర్తొచ్చింది. కానీ అందరి ముందూ చెప్పలేక ఇంటికొచ్చేశాను.

పదకొండు మంది సాక్ష్యపు ఫారాలు నింపారు. అందులో ఇరవై ఏళ్ళు పూర్తిగా ఉన్నది ముగ్గురే. ఒకాయన ఆ చలికాలంలోనే పోయాడు, ఇంకొకావిడ స్పెయిన్‌లో కొడుకు దగ్గరికి వెళ్ళిపోయింది. మిగిలింది నేను. టెబట్ గారిని అడగవచ్చు గాని ఆయన జ్ఞాపకం ఒక రోజు ఉంటే ఒక రోజు ఉండదు. సాక్ష్యానికి పనికిరాడని డాక్టరు రాసిచ్చాడు.

నా ఫారం మా అమ్మాయి వర్షిత కంప్యూటర్‌లో నింపింది. ఇక్కడే పుట్టిన పిల్ల, లెస్టర్‌లో చదువుతోంది. నేను పనికి వెళ్ళే హడావిడిలో ఉండి, ఎన్నాళ్ళు నడిచావు, వారానికి ఎన్నిసార్లు అని అడిగినవాటికి జవాబులు చెప్పి సంతకం పెట్టేశాను. మొన్న కార్తీకంలో విచారణకు వారం ఉందనగా, కాగితాల కట్ట ఇంటికి వచ్చింది. నా ఫారం తీసి నిదానంగా చదివాను. తొమ్మిదో ప్రశ్న: 'ఈ దారిన నడవడానికి మీరెప్పుడైనా అనుమతి అడిగారా?' కింద 'లేదు' అనే గళ్ళో టిక్కు.

శనివారం పిల్ల ఇంటికి రాగానే కాగితం దాని ముందు పెట్టాను. "ఇదెవరు పెట్టారు?"

"నేనే డాడ్. ఎందుకు?"

"నేను అడిగానమ్మా. ఆ రోజు వెళ్ళి అడిగాను."

"వాట్? ఫుట్‌పాత్ మీద నడవడానికి పర్మిషనా? హూ డజ్ దట్?"

"మనం అడుగుతాం."

"ఓ మై గాడ్." తల పట్టుకుంది. "మమ్మీ, డాడ్ హాజ్ కిల్డ్ ది కేస్."

రాజ్యం వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. విషయం విని కుర్చీలో కూర్చుంది. "ఏమండీ, ఆయన సరేననలేదుగా. అననప్పుడు అడిగినట్టెలా అవుతుంది?"

"అడిగావా అని కదా ఫారంలో ప్రశ్న. సరేనన్నాడా అని కాదు."

"అయితే ఏం చేస్తారు?"

"అడిగానని చెప్తాను."

"దారి పోతుంది."

"పోతుందేమో. అబద్ధం చెప్పి తెచ్చుకున్న దారిన వెళ్ళి నీళ్ళు తెచ్చి శివుడి నెత్తిన పోయమంటావా?"

 రాజ్యం వర్షితతో, "మీ నాన్న ఇంతే. కస్టమ్స్‌లో ఊరగాయ జాడీ ఉందా అని ఎవరూ అడక్కముందే ఉందని చెప్పిన మనిషి" అంది. ఆ తర్వాత నాతో, "ముందు హిలరీ గారికి చెప్పండి. పాపం ఆవిడ అక్కడ అందరి ముందూ వినకూడదు" అంది.

వెళ్ళి చెప్పాను. హిలరీ గారు టీ కప్పు కింద పెట్టేసింది. కిటికీలోంచి బయటికి చాలాసేపు చూసింది. "కోటయ్యా, మీరు తప్పుకోవచ్చు. ఒంట్లో బాగాలేదని ఉత్తరం రాస్తే సరిపోతుంది" అని ఆగి, తనే తల అడ్డంగా ఊపింది. "లేదు. మీరు లేకపోతే ఎలాగూ ఏమీ లేదు. రండి. అడిగినదానికి ఉన్నదున్నట్టు చెప్పండి. పిల్లలకి నలభై ఏళ్ళు నేను చెప్పింది కూడా ఇదే కదా."

విచారణ విలేజ్ హాల్లోనే పెట్టారు. పొద్దున తొమ్మిదికే కుర్చీలు నిండిపోయాయి. టీ రోటాలో ఆ రోజు వంతు ఉన్నవాళ్ళు కూడా కెటిల్ ఆపేసి గోడకి ఆనుకుని నిలబడ్డారు. విచారించి తీర్పు చెప్పడానికి లండన్ నుంచి వచ్చిన ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్ ఒక నడివయసు ఆవిడ, కళ్ళద్దాలు మెడలో వేలాడుతున్నాయి. కంపెనీ తరఫు లాయరు కుర్రాడు, మర్యాదస్తుడే. ప్రమాణం చేయాల్సిన పని లేదన్నారు. ఆ పొద్దున కుళాయి నీళ్ళతోనే అభిషేకం చేసి, నిజం తప్ప ఇంకోటి నా నోట రానివ్వకు అని శివుడికి దణ్ణం పెట్టుకుని వచ్చాను. నాకు ఆ ప్రమాణం చాలు.

ముందుగా సంచీలోంచి పంచాంగాలు తీసి బల్ల మీద పెట్టాను. ఇరవై రెండు. ఏటా చీరాల నుంచి మా అన్నయ్య పంపేవి.

ఇన్‌స్పెక్టర్ ఒకటి తెరిచి చూసింది. "మీరు నడిచిన రోజులు ఇందులో రాశారా?"

"లేదండీ. వెళ్ళని రోజులు రాశాను."

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుంది. "వెళ్ళని రోజులా?"

"వెళ్ళడం మామూలు కదండీ. అదేం రాస్తాం? మానేస్తేనే రాసుకోవాలి. ఇది చూడండి, మా అమ్మాయి పుట్టినప్పుడు పదకొండు రోజులు. పురుడు. అప్పుడు దేవుడికి నీళ్ళు ముంచకూడదు. ఇది మా నాన్న పోయినప్పుడు, ఇండియా వెళ్ళాను, ఇరవై ఆరు రోజులు. ఇది మోకాళ్ళ లోతు మంచు పడ్డ వారం. ఇది కాలు బెణికినప్పుడు."

ఆవిడ ఒక్కో పుస్తకం తిప్పుతూ, తెలుగు రాకపోయినా పెన్సిలు గీతల్ని వేలితో లెక్కపెట్టింది. ఇరవై రెండేళ్ళలో నూట డెబ్బై మూడు రోజులు. మిగతావన్నీ ఖాళీ గళ్ళు. "ఇంత నిండైన ఖాళీ నేనెప్పుడూ చూడలేదు" అంది. అందరూ మళ్ళీ నవ్వారు. ఆ నవ్వు వేరేగా ఉంది. నా భుజాలు కొంచెం తేలికపడ్డాయి.

అప్పుడు లాయరు లేచాడు. ఎత్తగానే తొమ్మిదో ప్రశ్న ఎత్తాడు. "మిస్టర్ కోటయ్య, మీరెప్పుడూ అనుమతి అడగలేదని ఫారంలో ఉంది. నిజమేనా?"

"కాదండీ. అడిగాను. ఫారంలో తప్పు పడింది, అది నేను చూసుకోలేదు."

ఒక్కసారిగా హాలు చల్లబడింది. హిలరీ గారు ఒళ్ళో చేతులు పెట్టుకుని నన్నే చూస్తోంది. వర్షిత తల దించుకుంది. లాయరు ఆశ్చర్యపోయి తన కాగితాల్లో ఏదో గబగబా రాసుకున్నాడు.

"ఎవర్ని అడిగారు?"

"అప్పటి యజమాని టెబట్ గారిని. 2002లో, ఒక ఆదివారం పదింటికి."

"ఆయన మీకొక పాత్ర కూడా ఇచ్చారని విన్నాను."

ఊళ్ళో జగ్గు సంగతి తెలియనిదెవరికి? సంచీలోంచి తీసి బల్ల మీద పెట్టాను. "ఇదేనండీ."

"అంటే మీరు అడిగారు, ఆయన నీళ్ళకి పాత్ర ఇచ్చి పంపారు. అది అనుమతి కాక ఇంకేమిటి?"

నా సందేహాన్ని ఎవరో బల్ల మీద నిలబెట్టినట్టయింది. ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్న మాటే అది. అవునండీ అనబోయాను. నోరు తెరిచాను కూడా. ఈలోగా ఇన్‌స్పెక్టర్ చెయ్యెత్తింది. "ఒక్క నిమిషం. ఆయనేమన్నారు? మీకు గుర్తున్నంతవరకు, ఆయన మాటల్లోనే చెప్పండి."

గుర్తున్నంతవరకు ఏమిటి, రోజూ వల్లించుకున్న మాటలాయె. ఆయన ఇంగ్లీషులోనే, ఆయన అన్నట్టే చెప్పాను. పొలం నాదే, దారి నాది కాదు, ఊట నాది కాదు, సరేననడానికి నేనెవర్ని, మా నాన్న కూడా ఎవరికీ సరేననలేదు. జగ్గు మా అమ్మది, నీ పని అయ్యాక తెచ్చియ్యి.

చివరి మాట అంటుండగా జగ్గు అంచు మీద నల్లటి పెచ్చు కనబడుతోంది. ఇరవై మూడేళ్ళుగా రోజూ చూస్తున్న పెచ్చే. ఎందుకు అప్పుడే తట్టిందో చెప్పలేను.

"అది అనుమతి కాదండీ" అన్నాను లాయరుతో. "నేనూ ఇన్నాళ్ళూ అవుననే అనుకున్నాను. కాదు. జగ్గు ఆయనది, అందుకే తిరిగి ఇమ్మన్నాడు. నీళ్ళు తిరిగి ఇమ్మనలేదు. దారి తిరిగి ఇమ్మనలేదు. తనదైనదే ఆయన అరువిచ్చాడు. తనది కానిదాన్ని ఇవ్వను, ఇవ్వలేను అని ముందే చెప్పాడు. నేనే సరిగ్గా వినలేదు."

 హాల్లో ఇన్‌స్పెక్టర్ పెన్ను చప్పుడు వినబడుతోంది. చాలాసేపు రాసింది. లాయరు ఇంకో ప్రశ్న వేయబోయి, కాగితం తిప్పి, "ఇంకేమీ లేదు" అని కూర్చున్నాడు.

బయటికొచ్చాక హిలరీ గారు నా చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపింది. వర్షిత, "డాడ్, దట్ వాజ్ బ్రిలియంట్" అని, కొంచెం ఆగి, తెలుగులో, "సారీ నాన్నా, టిక్కు నాదే" అంది. అది తెలుగులో సారీ చెప్పగా నేను వినడం అదే మొదలు. తెలుగులో సారీ అనే మాట లేదనుకోండి, అయినా.

ఆ సాయంత్రం దీపం ముందు కూర్చుంటే నమకం మధ్యలో ఏమీ వచ్చి పలకరించలేదు. దారి వస్తుందో రాదో ఇంకా తెలియదు. కానీ నీళ్ళు దొంగవి కావని తెలిసింది. ఇన్నేళ్ళూ నన్నడుగుతూ వచ్చింది శివుడు కాదు, నేనే. ఆయన మొదటి రోజు నుంచీ పోయించుకుంటూనే ఉన్నాడు.

తీర్పు మాఘమాసంలో వచ్చింది. పద్నాలుగు పేజీలు. వర్షిత ఫోన్‌లోనే చదివి చెప్పింది. పాత యజమాని మాటలు అనుమతి ఇచ్చినట్టు కాదనీ, దారి ఊరిదేనని ఆయనే ఒప్పుకున్నట్టనీ ఇన్‌స్పెక్టర్ రాసిందట. పంచాంగాల గురించి ఒక పేరా ఉందట. శివరాత్రికి ముందే కంచె తీసేశారు. కౌన్సిల్ వాళ్ళు పచ్చటి గుర్తు పలక పాతారు. ఒక ఆదివారం ఊరంతా కత్తెర్లూ పారలూ పట్టుకుని వెళ్ళి ఊట చుట్టూ అల్లుకున్న ముళ్ళపొదలు నరికాం. ఏడాదిన్నరకు పైగా ఎవరూ ముట్టకపోయినా నీళ్ళు ఆగలేదు. ఆకుల కింద నుంచి ఊట తన పని తాను చేసుకుంటూనే ఉంది. ఈ మే నెలలో పూలు పెట్టే ఆచారం మళ్ళీ మొదలుపెడదామని హిలరీ గారు రోటా కూడా వేసేసింది. అందులో నా పేరు మొదటి వరసలో ఉంది. ఎదురుగా 'పసుపు అన్నం' అని రాసుంది.

మర్నాడు పొద్దున అలమరలోంచి రాగి చెంబు తీశాను. ఇన్నేళ్ళలో ఒక్కసారీ వాడలేదు, చింతపండుతో తోమితే కొత్తదానిలా మెరిసింది. చెంబూ జగ్గూ రెండూ పట్టుకెళ్ళి రెంటితోనూ ముంచాను. చెంబు నీళ్ళు శివుడికి. అభిషేకం అయ్యాక, జగ్గు పట్టుకుని, ఒలక్కుండా నర్సింగ్ హోమ్‌కి నడిచాను.

రాజ్యం డ్యూటీలో ఉంది. జగ్గు చూసి, "ఈ రోజు బానే ఉన్నాడు. తాగించకండి, రూల్స్ ఒప్పుకోవు" అని గది చూపించింది.

టెబట్ గారు కిటికీ పక్కన కుర్చీలో ఉన్నాడు. తొంభై మూడేళ్ళు. ఎడమ చెయ్యి ఒళ్ళో చచ్చుగా పడి ఉంది. నన్ను చూశాడు గాని గుర్తుపట్టలేదు. కిటికీ గట్టు మీద ఎవరో తెచ్చిన స్నోడ్రాప్ పూలు కాగితం కప్పులో వాడిపోతున్నాయి.

జగ్గు ఆయన ముందు బల్ల మీద పెట్టాను. ఆయన నా వైపు చూడటం మానేసి దాని వైపు చూశాడు. కుడి చెయ్యి నెమ్మదిగా వచ్చి అంచు మీద తిరిగి, పెచ్చు దగ్గర ఆగింది.

"మా అమ్మ పడేసింది" అన్నాడు. "గుమ్మం మీద. నేను చూశాను." తర్వాత వేలు నీళ్ళలో పెట్టి తీసి పెదవులకు రాసుకున్నాడు. నేను రాజ్యం వైపు చూశాను. రాజ్యం కిటికీ వైపు చూసింది.

"మాడ్ నీళ్ళు" అన్నాడు.

"అవునండీ."

ఇప్పుడు నన్ను పరీక్షగా చూశాడు. "ప్లాస్టిక్ డబ్బా" అన్నాడు.

"నేనేనండీ."

"చాలా ఆలస్యం చేశావు. అయితే నీ పని అయిందా?"

"అవలేదండీ. సొంతది కొనుక్కున్నాను."

టెబట్ గారి నోరు ఒక పక్కకే నవ్వింది. జగ్గును బల్ల మీద తనవైపు కొంచెం లాక్కుని, దాని పిడి పట్టుకుని, అలాగే ఉంచుకున్నాడు. రాజ్యం కాగితం కప్పులోంచి పూలు తీసి, జగ్గు నీళ్ళలో పెట్టింది.